అరకులో స్థలానికి అడ్వాన్సు ఇచ్చాను, 1/70 పాత చట్టమేగా?

ప్రశ్న: మాది మధురవాడ. అరకులోయ మండలంలో రోడ్డు పక్కన 20 సెంట్ల స్థలం హోమ్‌స్టే కోసం బేరం చేశాను. అమ్మేవాళ్లు గిరిజనులు కారు, మూడు తరాలుగా అక్కడే కిరాణా వ్యాపారం చేసుకుంటున్న కుటుంబం. విశాఖలోనే వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకుని, నోటరీ చేయించి, బ్యాంకు ద్వారా 4 లక్షలు పంపాను. రిజిస్ట్రేషన్ ఎప్పుడంటే మధ్యవర్తి రోజుకో దారి చెబుతున్నాడు. ఒకరోజు 99 ఏళ్ల లీజు అంటాడు, ఇంకోరోజు గిరిజనుడి పేరున రాయిద్దామంటాడు, మరోరోజు వీలునామా అంటాడు. గిరిజన ప్రాంత భూముల అమ్మకాలపై ఉన్న 1/70 చట్టం గిరిజనులు అమ్మితేనే వర్తిస్తుందట, పైగా పాతబడిపోయింది, త్వరలో తీసేస్తారట. అక్కడ తగాదా వస్తే జడ్జి కాకుండా కలెక్టరు ‘ఏజెంటు’ హోదాలో తీర్పు చెబుతారని కూడా విన్నాను. బ్రిటిషు వాళ్ల నాటి ఈ ఏర్పాటు ఇప్పుడు చెల్లుతుందా? నా డబ్బు సంగతేమిటి?

జవాబు: ముందు చేయకూడనివి చెబుతాను. మిగతా సొమ్ము ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. స్థలంలోకి దిగకండి. కంచె, బోరు, షెడ్డు ఏదీ వద్దు. స్థలం మీది కాదు, కాబోదు కూడా. 4 లక్షలు వెనక్కి రావడానికి మాత్రం మీకు మంచి అవకాశమే ఉంది. మీరింకా స్వాధీనం తీసుకోకపోవడమే దానికి కారణం.

1/70 గిరిజనులు అమ్మితేనే వర్తిస్తుందన్న మాట విశాఖలో చాలామంది నమ్ముతున్నదే, కానీ తప్పు. 1917 నాటి మద్రాసు చట్టం గిరిజనుల నుంచి ఇతరులకు జరిగే బదిలీలను ఏజెంటు అనుమతి లేనిదే చెల్లవంది. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్ (షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం గవర్నరు చేసే చట్టాన్ని ఇలా అంటారు) దాన్ని కొనసాగించింది. అయితే గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడికి అమ్మకాలు ఆ వలలో పడలేదు. భూమి పట్టుకున్న ప్రతివాడూ ‘నేను గిరిజనుడి దగ్గర కాదు, ఫలానా షావుకారు దగ్గర కొన్నాను’ అని తప్పించుకున్నాడు. ఆ కన్నం పూడ్చడానికే 1970లో సవరణ వచ్చింది. అదే 1/70, ఆ ఏడాది ఫిబ్రవరి 3 నుంచి అమల్లో ఉంది. అప్పటి నుంచి ఏజెన్సీలో స్థిరాస్తిని ఎవరు బదిలీ చేసినా, గిరిజనుడైనా కాకపోయినా, అది గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న రిజిస్టర్డ్ సొసైటీకో జరగాలి. లేకపోతే మొదటి నుంచే చెల్లదు.

దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉందంటే అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకునే భారం భూమి పట్టుకున్నవాడి మీదే ఉంటుంది. మీకు అమ్ముతున్న కుటుంబం దగ్గర 1970కి ముందు మరో గిరిజనేతరుడి నుంచి కొన్న పక్కా దస్తావేజులు ఉండవచ్చు. అలాంటి పాత లావాదేవీలకు రెగ్యులేషన్ వెనక్కి వెళ్లి వర్తించదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. కాబట్టి వాళ్లు ఆ భూమిలో హాయిగా ఉండవచ్చు, పిల్లలకు వారసత్వంగా ఇవ్వవచ్చు, పంచుకోవచ్చు. మీకు అమ్మడం మాత్రం కుదరదు. గిరిజనుల్లో కొనేవాళ్లు దొరకకపోతే ప్రభుత్వమే తీసుకోవాలని దరఖాస్తు పెట్టుకునే దారి వాళ్లకు ఆ రెగ్యులేషన్‌లోనే ఉంది. 

మధ్యవర్తి చెబుతున్న దారుల విషయానికి వద్దాం. ఇవన్నీ ‘బదిలీ’ అంటే సేల్ డీడ్ ఒక్కటే అన్న భ్రమ మీద నడుస్తాయి. రెగ్యులేషన్‌లో బదిలీ అంటే తనఖా, లీజు, అమ్మకం, దానం, మార్పిడి, ఆస్తితో జరిపే మరే వ్యవహారమైనా. ఆస్తి మీద ఛార్జి (బాకీకి ఆస్తిని పూచీగా కట్టడం), ఆస్తికి సంబంధించిన ఒప్పందం కూడా అందులోకే వస్తాయి. ఆ ప్రకారం మీరు నోటరీ చేయించిన అగ్రిమెంటే చెల్లదు. 99 ఏళ్ల లీజు ఎంతో, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ రాసుకునే 11 నెలల లీజూ అంతే. అరకులో అద్దె దుకాణాలు కళ్లెదుటే నడుస్తున్నాయి కదా అంటారు. ఎవరూ ఫిర్యాదు చేయనంత కాలం నడుస్తాయి. అధికారి తనంతట తానుగా కూడా కేసు మొదలుపెట్టవచ్చని గుర్తుంచుకోండి.

గిరిజనుడి పేరున రాయించి వెనక నుంచి మీరు అనుభవించడం బినామీ. 1/70లో అదీ నిషేధమే. కాగితం మీద యజమాని అయిన మనిషి రేపు ‘భూమి నాది, దిగిపో’ అంటే మీకు వెళ్లడానికి కోర్టు ఉండదు. అతని మాటే చట్టం. ఉత్తుత్తి దావా వేసుకుని రాజీ డిక్రీ తెచ్చుకుందామనే సలహా కూడా వస్తుంది. కోర్టు డిక్రీ అమలులో జరిగే వేలం అమ్మకాన్ని కూడా రెగ్యులేషన్ బదిలీగానే చూస్తుంది. ఇద్దరూ కలిసి తెచ్చుకున్న డిక్రీ ఆ ముందు నిలబడుతుందనుకోవద్దు.

వీలునామా కొంచెం తిరకాసు. బదిలీ నిర్వచనం నుంచి వీలునామాను మినహాయించిన మాట నిజమే, మధ్యవర్తులు దాన్నే పట్టుకున్నారు. కానీ రాసినవాడు బతికున్నంత కాలం వీలునామాను ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, మీకు చెప్పనక్కర్లేదు. అతను పోయేదాకా మీకు ఏ హక్కూ రాదు. పోయాక వారసులు మీ బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చి ‘ఇది వీలునామా కాదు, మారువేషంలో ఉన్న అమ్మకం’ అంటే అధికారి వాళ్ల మాటే నమ్మే అవకాశం ఎక్కువ.

ఇక ‘ఏజెంటు’ సంగతి. మీ సందేహంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. 1830లలో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్లో ఫితూరీలు (తిరుగుబాట్లు) చెలరేగాక కుంపినీ ప్రభుత్వం 1839లో 24వ చట్టం తెచ్చింది. దాంతో ఆ కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి ‘గవర్నరు ఏజెంటు’ హోదాలో కలెక్టరు కింద పెట్టారు. మనం ఇప్పటికీ ఆ ప్రాంతాన్ని ‘ఏజెన్సీ’ అనడం అక్కడి నుంచే వచ్చింది. తర్వాత 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం, దాని కింద 1924లో ఏజెన్సీ రూల్స్ వచ్చాయి. అవి ఇంకా పోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి సెక్షన్ నాలుగో ఉపవిభాగం చూడండి. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, విశాఖపట్నం ఏజెన్సీల్లో ప్రత్యేక నియమాలుంటే వాటికి భంగం లేకుండానే కోడ్ వర్తిస్తుందని పేరుపేరునా రాసి ఉంది. కాబట్టి చెల్లుతుందా అంటే, చెల్లుతుంది.

రెవెన్యూ అధికారి న్యాయమూర్తి కుర్చీలో కూర్చోవడం నా ఉద్దేశంలో కాలం చెల్లిన పద్ధతే. భూముల రికార్డు రాసే శాఖే ఆ రికార్డు మీద తీర్పూ చెప్పడం బాగుండదు. బదిలీ మీద బదిలీతో అధికారులు మారుతుంటే విచారణ సగంలో ఆగిపోయేది కూడా గిరిజనుడి కేసే. అయితే ఆ కుర్చీ పాతదైనంత మాత్రాన భూరక్షణ పాతబడలేదు. 1/70 రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో రామిరెడ్డి కేసులో తేల్చింది. 1997 జులై 11న వచ్చిన సమత తీర్పు మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద వచ్చిందే. ప్రభుత్వం కూడా ఈ రెగ్యులేషన్ దృష్టిలో ఒక ‘వ్యక్తే’, గిరిజనేతరులకు తన భూమిని సైతం గని లీజుకు ఇవ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. ప్రభుత్వానికే లేని వెసులుబాటు మీ మధ్యవర్తి ఎక్కడి నుంచి తెస్తాడు? త్వరలో తీసేస్తారన్నదీ గాలి మాటే. ఇది ఒక జీవోతో పోయేది కాదు. ఐదో షెడ్యూలు ప్రకారం గవర్నరు గిరిజన సలహా మండలిని సంప్రదించి కొత్త రెగ్యులేషన్ చేయాలి, దానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి.

మీరు తొందరపడి కట్టేసి ఉంటే ఏమయ్యేదో కూడా తెలుసుకోండి, మీ పక్క ప్లాటు వాళ్లకైనా పనికొస్తుంది. గిరిజన సంక్షేమ శాఖ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర ఎల్‌టీఆర్ (భూ బదిలీ రెగ్యులేషన్) కేసు నమోదవుతుంది. కరెంటు మీటరు, ఇంటి పన్ను రసీదు, పంచాయతీ ప్లాను ఏవీ హక్కు పత్రాలు కావు. పన్నెండేళ్లుగా ఉంటున్నామనే వాదన గిరిజనుడి భూమి మీద నిలవదని 2004లో ఒడిశా కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చాక కూడా కూర్చుంటే ఏడాది దాకా కఠిన జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ రెండు వేలు 1978 నాటి లెక్క, చూసి నవ్వుకోవద్దు. జైలు మాట మాత్రం అలాగే ఉంది. బలవంతంగానో, రికార్డులు మార్చో గిరిజనుడి భూమి ఆక్రమిస్తే అట్రాసిటీ చట్టం వేరే వస్తుంది.

ఇప్పుడు మీ 4 లక్షలు. చట్టవిరుద్ధ ఒప్పందంలో ఇద్దరూ భాగస్తులైతే కోర్టు ఎవరికీ సాయపడదన్నది సాధారణ సూత్రం. కానీ ఆ పని ఇంకా పూర్తికాక ముందే ఒకరు వెనక్కి తగ్గితే డబ్బు తిరిగి అడగవచ్చని 1968లో సీతారామ్ కేసులో సుప్రీంకోర్టు మినహాయింపు చెప్పింది. చెల్లని ఒప్పందం కింద తీసుకున్నది తిరిగి ఇవ్వాలనే కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ కూడా తోడొస్తుంది. అందుకే స్థలంలోకి దిగొద్దని మొదటే చెప్పాను. దిగితే ఈ వాదన బలహీనపడుతుంది.

న్యాయవాది ద్వారా అమ్మినవాళ్లకూ మధ్యవర్తికీ ఇద్దరికీ నోటీసు పంపండి. బట్వాడా రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపి, 15 రోజుల గడువు ఇవ్వండి. ఒప్పందం చెల్లదని తెలిసింది కాబట్టి విరమించుకుంటున్నాను, డబ్బు ఇప్పించండి అని మాత్రమే రాయండి. ‘రిజిస్ట్రేషన్ చేస్తారా, లేదా డబ్బు ఇస్తారా’ అని ఎట్టి పరిస్థితిలోనూ రాయొద్దు. చెల్లని పని మీరే ఇంకా కోరుకుంటున్నారని ఆ ఒక్క వాక్యంతో రుజువవుతుంది.

మీరు అగ్రిమెంటు రాసుకున్నది, డబ్బు పంపింది విశాఖలోనే కాబట్టి డబ్బు దావా ఇక్కడి సివిల్ కోర్టులో వేయవచ్చు. వ్యాజ్య కారణంలో కొంత భాగం ఎక్కడ పుడితే అక్కడ వేయవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షన్ అంటుంది. స్థలం మీద ఏమైనా కోరితే మాత్రం ఏజెన్సీ కోర్టు గడప తొక్కాల్సిందే. ఇక్కడ చాలామంది న్యాయవాదులు అలవాటుగా చేసే ఒక పని మీ కేసులో వద్దు. మామూలు అడ్వాన్సు దావాల్లో ‘ఇచ్చిన సొమ్ముకు ఆస్తి మీద ఛార్జి కావాలి’ అని అడుగుతారు. ఏజెన్సీ ఆస్తి మీద ఛార్జి కూడా నిషిద్ధ బదిలీయే, అలా అడిగితే మీ దావా మీరే చెడగొట్టుకున్నట్టు. డబ్బూ వడ్డీ మాత్రమే అడగండి.

గడువు మూడేళ్లు. అది ఎప్పటి నుంచి మొదలవుతుందన్న చర్చకు తావివ్వకుండా అగ్రిమెంటు తేదీ నుంచే లెక్కేసుకోండి. మన రాష్ట్రంలో 1999 సవరణ తర్వాత సేల్ అగ్రిమెంటు కూడా రిజిస్టరు కావాలి, మీది కాలేదు. స్టాంపు కూడా తక్కువే పడింది, కోర్టులో దాన్ని చూపాలంటే లోటు సుంకం మీద పది రెట్ల దాకా జరిమానా పడవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంటే మీ అసలు సాక్ష్యం. మధ్యవర్తితో నడిచిన వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి, ఫోను కూడా మార్చకండి. రిజిస్ట్రేషన్ ఖాయమని అందులో రాసి ఉంటే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318వ సెక్షన్ కింద మోసం ఫిర్యాదుకూ పనికొస్తుంది. అయితే ముందు ఆ దారిలో వెళ్లమని నేననను. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ (దావాకు ముందే రాజీ కోసం) దరఖాస్తు పెడితే కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. రాజీ షరతుల్లో వాయిదాల తేదీలు, మొత్తాలు ఉండాలి. స్థలం ప్రస్తావన ఉండకూడదు.

హోమ్‌స్టే ఆలోచన వదులుకోలేకపోతే, గిరిజన యజమాని తన ఇంట్లో తానే నడుపుతుంటే మీరు విశాఖ నుంచి బుకింగులు ఇప్పించి కమిషన్ తీసుకోవచ్చు, టెంట్లు, పరుపులు అద్దెకివ్వవచ్చు. నేల మీద మీకు ఏ పట్టూ ఉండకూడదు, లెక్కలు అంతా ఆయన పేరునే ఉండాలి. సొంత స్థలమే కావాలంటే ఘాట్ కిందికి రండి. పాత విశాఖ జిల్లాలో పూర్తిగా ఏజెన్సీ అయిన మండలాలు 11: అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. జిల్లా మారింది గానీ చట్టం మారలేదు. వీటిని ఆనుకున్న మైదాన గ్రామంలో బేరం కుదిరితే, ఆ రెవెన్యూ గ్రామం షెడ్యూల్డ్ ప్రాంతంలో లేదని తహసీల్దారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అక్కడ 1/70 లేకపోయినా 1977 నాటి అసైన్డ్ భూముల (ప్రభుత్వం పేదలకు పంచిన భూముల) చట్టం పొంచి ఉంటుంది. కొండ అంచు భూమైతే అటవీ హక్కుల పట్టా కావచ్చు, అదీ అమ్మకానికి రాదు. అడంగల్, 1-బి, ఈసీతో పాటు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూసుకున్నాకే అడ్వాన్సు మాట ఎత్తండి.