పాత కారు సరదా సరే, కార్డు మీద మాత్రం వద్దు

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. నా దగ్గర 1992 నాటి మాజ్డా మియాటా ఉంది. మరమ్మతులన్నీ నేనే చేసుకుంటాను. ఫ్రీవే ఎక్కితే ఇంజన్ వేడెక్కుతోంది. కొత్త ఇన్‌టేక్ (ఇంజన్‌కు గాలి అందించే గొట్టం, ఫిల్టరు), గాలి రంధ్రాలున్న బానెట్ వేయాలంటే 2,800 డాలర్లు అవుతుంది. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 24 శాతం వడ్డీతో 4,000 బాకీ ఉంది. జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు. కంపెనీ ద్వారా నడిచే పదవీ విరమణ పొదుపు ఖాతా 401కెలో జీతంలో 3 శాతమే వేస్తున్నాను. 6 శాతం వరకు నేను వేసినదానిలో సగం కంపెనీ కలుపుతుంది. కారు అమ్మేయమని మా ఆవిడ అంటోంది.

జవాబు: అమ్మనక్కర్లేదు. మెకానిక్కుకు ఇవ్వాల్సిన కూలి మీకు మిగులుతోంది, పైగా అలా మిగిలిన డబ్బుపై పన్ను లేదు. నా అభ్యంతరమల్లా ఆ 2,800 మీదే.

సిగ్నళ్ల దగ్గర బాగానే ఉండి, వేగం అందుకున్నాక వేడెక్కుతోందా? అయితే ముందు కారు కిందికి చూడండి. ఇంజన్ అడుగున ఉండాల్సిన ప్లాస్టిక్ పళ్లాన్ని ఎవరో విప్పి, తిరిగి బిగించకపోయి ఉండవచ్చు. అది లేకపోతే గాలి రేడియేటర్ గుండా సరిగా సాగదు. పళ్లెం తెచ్చి బిగించండి, రేడియేటర్ చుట్టూ ఉన్న సందులను ఫోముతో మూయండి. రేడియేటర్ పైనున్న ప్లాస్టిక్ ట్యాంకు గోధుమ రంగుకు తిరిగి ఉంటే అది పెళుసుబారినట్లే, మార్చాలి. ఇంజన్ లోపలి కదలికలను ఒక లయలో ఉంచే టైమింగ్ బెల్టు 60,000 మైళ్లు దాటి ఉంటే దాన్నీ, ఆ బెల్టు విప్పితేనే చేతికందే వాటర్ పంపునూ ఒకేసారి మార్చండి. పైకెత్తిన కారును మోసే జాక్ స్టాండ్లు లేకుండా మాత్రం కారు కిందికి దూరవద్దు. మీ ఇంటికి అన్నిటికన్నా పెద్ద ఆస్తి మీరే.

ఇక ఇన్‌టేక్. ఫిల్టర్‌ను బానెట్ కింద తెరిచి పెడితే ఇంజన్ వేడి గాలినే పీలుస్తుంది, దాంతో బలం పెరగదు. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే రెక్క స్ప్రింగు బిగింపు మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. పెట్రోలు పాళ్లు చెడి, స్మాగ్ పరీక్షలో, అంటే పొగ కాలుష్య పరీక్షలో, కారు తప్పుతుంది. కాలిఫోర్నియాలో 1976 నుంచి తయారైన పెట్రోలు కార్లకు ఆ పరీక్ష ఉంది. పైగా రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ సంస్థ అయిన ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే మినహాయింపు నంబరు లేని ఇన్‌టేక్ కంటికి కనిపిస్తే చాలు, ఆ పరీక్షలో ఫెయిల్ చేస్తారు.

ఇప్పుడు డబ్బు. 401కెలో మిగతా 3 శాతం వేయకపోవడం వల్ల ఏటా 1,800 డాలర్ల కంపెనీ సొమ్మును వదులుకుంటున్నారు. నాకు బాధ కలిగించింది ఇదే. వచ్చే జీతం నుంచే 6 శాతానికి పెంచండి. జీతంలో నెలకు 300 తగ్గినట్లు కనిపించినా, ఆదాయపు పన్ను కూడా తగ్గుతుంది కనుక చేతికొచ్చేది అంత తగ్గదు. కార్డుకు నెలకు 80 డాలర్ల వడ్డీ పోతోంది. ఈ 2,800 కూడా దానిమీద వేస్తే అది 136 అవుతుంది. బాకీ తీరేదాకా కారుకు నెలకు 100 డాలర్లు వేరే ఖాతాలో వేసి, బెల్టూ రేడియేటరూ అందులోంచే కొనండి. ఆ ఖాతా మీ ఆవిడకూ కనిపించేలా పెట్టండి. ఆమె భయం కారు గురించి కాదు, ఖర్చుకు హద్దు లేదని అయి ఉండవచ్చు.

బాకీ తీరాక కూడా ఇన్‌టేక్ మీద మనసుంటే, ఆ మినహాయింపు నంబరు ఉన్నదే నగదుతో కొనండి.