ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఓసీటీ (ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ, కాంతితో కంటి పొరల అడ్డుకోత బొమ్మ తీసే పద్ధతి) లాంటి ఇమేజింగ్ యంత్రాలు తయారుచేసే డాక్టర్ కావాలంటే పీహెచ్‌డీ ఎక్కడ చేయాలి?

ఎక్కడన్నది తర్వాత చూద్దాం. ముందు ఆప్టికల్ బెంచ్ (లేజర్లు, అద్దాలు, ఫైబర్లు అమర్చే బల్ల) మీద చెయ్యి తిరగాలి. అది తిరగని డాక్టర్‌ని ఇంజనీర్లు ‘క్లినికల్ కొలాబరేటర్’ అని గౌరవంగా పిలుస్తూ, పేషెంట్లను పంపించడానికే వాడుకుంటారు.

డేవిడ్ హువాంగ్‌నే తీసుకోండి. హార్వర్డ్-ఎంఐటీ ఉమ్మడి కోర్సులో ఎండీ, పీహెచ్‌డీ కలిపి చదువుతూ జేమ్స్ ఫుజిమోటో ల్యాబ్‌లో చేరాడు. కాంతితో కంటి పొరల మందం కొలవడం అక్కడి పని. ఒక చోట లోతు కొలిస్తే ఒక గీత వస్తుంది. అలాంటి గీతలను పక్కపక్కన పేరిస్తే అడ్డుకోత బొమ్మ అవుతుంది. ఫైబర్ ఆప్టిక్స్ తెలిసిన ఎరిక్ స్వాన్సన్ ఎంఐటీకే చెందిన లింకన్ ల్యాబొరేటరీ నుంచి తోడయ్యాడు. 1991లో ‘సైన్స్’ పత్రికలో ఓసీటీ పేపర్ వచ్చింది. అందులోవి బతికున్న కన్ను బొమ్మలు కావు, శరీరం నుంచి తీసిన రెటీనావి, గుండె ధమనివి. వాటిని హిస్టాలజీ స్లైడ్లతో (కణజాలాన్ని కోసి మైక్రోస్కోప్ కింద చూసేవి) పోల్చి చూపించారు. 1996లో యంత్రం మార్కెట్‌కి వచ్చినా వేగం సెకనుకు 100 గీతలే. 2002లో 400 గీతల మోడల్ వచ్చాక గానీ క్లినిక్కుల్లో కుదురుకోలేదు. ఫుజిమోటో, హువాంగ్, స్వాన్సన్‌లకు లాస్కర్ అవార్డు 2023లో! ఈలోగా హువాంగ్ కార్నియా సర్జన్ అయ్యాడు.

నాకు అంతకన్నా నచ్చేది 2012లో ఒరెగాన్‌లో ఆయన బృందం చేసిన ఓసీటీ యాంజియోగ్రఫీ. ఒకే చోటును వెంటవెంటనే స్కాన్ చేస్తే, రక్తకణాలు కదిలే చోట మాత్రమే సిగ్నల్ మారుతుంది. డై ఎక్కించకుండానే రక్తనాళాలు కనిపిస్తాయి. వీళ్లు కాంతి స్పెక్ట్రమ్‌ను (వేవ్‌లెంత్‌ల పట్టీని) ముక్కలు చేసి లోతు రిజల్యూషన్‌ను కావాలనే తగ్గించుకున్నారు. ఎందుకంటే నాడి కొట్టినప్పుడల్లా కన్ను ముందుకీ వెనక్కీ కదులుతుంది. రిజల్యూషన్ మరీ సన్నగా ఉంటే ఆ కదలిక కూడా రక్తప్రవాహంలా కనబడుతుంది. రిజల్యూషన్ వదులుకోవడానికి మామూలు ఇంజనీర్‌కి ప్రాణం ఒప్పదు.

ఇక బెంచ్. 840 నానోమీటర్ల ఎస్‌ఎల్‌డీ (కాంతినిచ్చే డయోడ్), కాంతిని రెండుగా చీల్చే 50:50 ఫైబర్ కప్లర్, కాంతిని అటూ ఇటూ తిప్పే గాల్వో అద్దాలు, స్పెక్ట్రోమీటర్, 2048 పిక్సెళ్ల లైన్ కెమెరా చాలు. బ్యాండ్‌విడ్త్ 50 నానోమీటర్లయితే గాలిలో లోతు రిజల్యూషన్ సుమారు 6 మైక్రాన్లు. మొదట కన్ను జోలికి పోకండి, శాంపిల్ చోట అద్దం పెట్టండి. రెండు ఆర్మ్‌ల (కాంతి చీలి వెళ్లే శాంపిల్, రిఫరెన్స్ దారుల) ఫైబర్ పొడవులు టేపుతో కొలిచి సరిచేయండి. మొత్తం కాంతి దారిలో తేడా మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటితే ఫ్రింజులు (రెండు దారుల కాంతి కలిసి స్పెక్ట్రమ్‌లో ఏర్పరిచే చారలు) కెమెరాకి అందనంత సన్నబడతాయి, రోజంతా వెతికినా కనిపించవు. ఫ్రింజులున్నా బలహీనంగా ఉంటే ముందు కనెక్టర్ మురికి తుడవండి, తర్వాత పోలరైజేషన్ ప్యాడిల్స్ (ఫైబర్‌లో కాంతి కంపన దిశను సరిచేసేవి) తిప్పండి. అద్దం చోట వచ్చే పీక్ లావుగా ఉంటే రెండు కారణాలు: స్పెక్ట్రమ్‌ను వేవ్‌నంబర్‌లోకి (వేవ్‌లెంత్‌కి విలోమం) సరిగ్గా మార్చకపోవడం, లేదా డిస్పర్షన్ (ఒక్కో రంగు ఒక్కో వేగంతో వెళ్లడం). కన్నంటే దాదాపు 24 మిల్లీమీటర్ల నీళ్లే. రిఫరెన్స్ ఆర్మ్‌లో అంతకు సరిపడా నీళ్లో గాజో పెట్టాలి, లేదంటే సాఫ్ట్‌వేర్‌లో సరిదిద్దాలి. అద్దం తర్వాత సెల్లోటేప్ చుట్ట పెట్టండి, పొరలు విడివిడిగా రావాలి. కంటి దాకా వచ్చినప్పుడు పవర్ మీటర్‌తో కార్నియా దగ్గర కొలవకుండా ఎవరినీ కూర్చోబెట్టొద్దు. ఈ వేవ్‌లెంత్‌కి చాలామంది 750 మైక్రోవాట్లు దాటనివ్వరు.

బొమ్మ వచ్చాక దాని అబద్ధాలు పట్టాలి. రెటీనా జీరో డిలే గీత (రెండు ఆర్మ్‌ల పొడవులు సమానమయ్యే చోటు) దాటితే తలకిందులుగా మడతపడి కనిపిస్తుంది. యాంజియోగ్రఫీలో పై నాళాల నీడలు కింది పొరల్లో నాళాలుగా కనిపిస్తాయి. శుక్లం ఉన్న కంట్లో సిగ్నల్ పడిపోతే రక్తం అందడం లేదని రాసేస్తారు. ఇవేవీ తెలియకుండా రిపోర్టుల స్క్రీన్‌షాట్లు పోగేసి ఏఐకి తినిపించే పేపర్లు చూస్తే ఒళ్లు మండుతుంది. జేపీజీలో ఫేజ్ ఉండదు, స్పెక్ట్రమ్ ఉండదు. నీడకీ నాళానికీ తేడా తేల్చే సమాచారం చాలావరకు అప్పటికే పోయింది.

కోర్సు సంగతికొస్తే, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంబీబీఎస్ వాళ్ల కోసం మూడేళ్ల ఎంఎంఎస్‌టీ (మెడికల్ సైన్స్ అండ్ టెక్నాలజీలో మాస్టర్స్) ఉంది. హైదరాబాద్ ఐఐటీలో బయోమెడికల్ విభాగం ఉంది, ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రీ హైదరాబాద్‌లోనే ఉంది. గైడ్‌ని ఎంచుకునే ముందు ఒక్కటే అడగండి: ల్యాబ్‌లో సొంతంగా కట్టిన ఓసీటీ ఉందా, రా స్పెక్ట్రమ్ చేతికిస్తారా? కొన్న యంత్రం ఒక్కటే ఉండి, అది పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఇవ్వదంటే వేరే గైడ్‌ని చూసుకోండి.