టెక్ సందేహాలు: స్కానర్‌కు వాసన తెలియదు

ప్రశ్న: మాది 2016 మోడల్ పెట్రోల్ కారు. ఇరవై నిమిషాలు నడిపాక సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీలోంచి కాలిన వాసన వస్తోంది. బండి కదిలితే పోతోంది. పదిహేను రోజుల క్రితమే ఇంజిన్ ఆయిల్ మార్పించాను. బండి లోపాలను కోడ్‌ల రూపంలో చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌లో చూస్తే 'ఫాల్ట్ కోడ్స్ ఏమీ లేవు' అంటోంది. యాప్‌ను నమ్మొచ్చా?
- ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: యాప్ అబద్ధం చెప్పడం లేదు, దానికి తెలిసింది అంతే. స్టీరింగ్ కింద మీరు స్కానర్ గుచ్చిన ఓబీడీ-2 సాకెట్ ప్రధానంగా బండి పొగలో కాలుష్యాన్ని పెంచే లోపాలను పట్టుకోవడానికి పెట్టింది. ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోతే (మిస్‌ఫైర్) పీ0300 అనే కోడ్ చూపిస్తుంది. ఇంజిన్ మితిమీరి వేడెక్కితే పీ0217 అనొచ్చు. సెన్సర్ ఉన్న చోటి సంగతే అది చెప్పగలదు. ఇంజిన్ భాగాల మధ్య ఉండే రబ్బరు ప్యాకింగ్ సందులోంచి జారే ఆయిల్ చుక్కను చూసే సెన్సర్ మీ బండిలో లేదు.

అలాగని కొన్న డబ్బులు వృథా కాలేదు. యాప్‌లో లైవ్ డేటా తెరిచి, వాసన వచ్చే సమయంలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ చూడండి. చాలా కార్లలో 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. అది దాటి ఎక్కుతూ పోతుంటే బండి పక్కకు ఆపేయాల్సిందే. నిలకడగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు, వేరే కారణం వెతకాలి.

తర్వాతి పరీక్షకు మీ ముక్కు చాలు. సిగ్నల్ దగ్గర వాసన రాగానే ఏసీని లోపలి గాలే తిరిగే మోడ్‌లో పెట్టండి. ముందు అద్దం కింది సందుల్లోంచే బయటి గాలి కారులోకి వస్తుంది. బండి పరుగులో ఉన్నప్పుడు ఇంజిన్ వేడిగాలి వెనక్కి కొట్టుకుపోతుంది, ఆగితే పైకి లేచి ఆ సందుల్లో దూరుతుంది. మోడ్ మార్చాక వాసన తగ్గితే అది బానెట్ కిందది. తగ్గకపోతే బ్లోయర్ మోటార్‌నో, డాష్‌బోర్డు వెనక వైర్లనో అనుమానించాలి.

మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం ఆయిల్ మీదే. పోసేటప్పుడు ఒలికిన ఆయిలైతే రెండు మూడు రోజుల్లో కాలిపోయి వాసన ఆగిపోవాలి. పదిహేను రోజులైనా పోలేదంటే ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ చూడాలి. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. అక్కడినుంచి జారిన ఆయిల్ సైలెన్సర్ మొదట్లో ఉండే మానిఫోల్డ్ మీద పడి మాడుతుంది. చుక్క అక్కడే కాలిపోతుంది కాబట్టి పార్కింగ్‌లో నేల మీద మరక ఉండకపోవచ్చు. 'కింద ఏమీ కారలేదు సార్' అని మెకానిక్ అనే మాటను అందుకే నమ్మకండి.

ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, ఫోన్ టార్చ్ వేసి కవర్ అంచు వెంట చూడండి. ఆయిల్‌కు దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు బురదలా పేరుకుని ఉంటే దొంగ దొరికినట్టే. ఆయిల్ పోసే మూత సరిగ్గా బిగిసిందో లేదో, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్‌లో మట్టం తగ్గిందేమో కూడా చూడండి. కొందరు మెకానిక్‌లు బోల్టులు ఇంకా బిగించి పంపేస్తారు. గట్టిపడిన రబ్బరు బిగిస్తే మెత్తబడదు, పైగా కవర్ పగలొచ్చు. కొత్త ప్యాకింగే వేయించండి. తర్వాత పాత జిడ్డు తుడిపించకపోతే ఇంకో వారం అదే వాసన వస్తుంది, రిపేరు చేసినవాణ్ని అనవసరంగా తిట్టుకుంటారు.

నా కారుకు సర్వీసింగ్ చేయించిన మర్నాడే మాడు వాసన మొదలైంది. గంటసేపు కోడ్‌లు వెతికాను. చివరికి మానిఫోల్డ్ పక్కన సగం కాలిన తుడుపు గుడ్డ దొరికింది! సర్వీసింగ్ అయిన బండికి ముందు బానెట్ ఎత్తి చూడటం అప్పటినుంచే అలవాటైంది.

ఒకటి మాత్రం ఆలస్యం చేయొద్దు: ప్లాస్టిక్ కాలిన వాసన. ఎలుకలు కొరికిన వైరు షార్ట్ అవుతుండొచ్చు. పోయిన 10 ఆంప్స్ ఎర్ర ఫ్యూజు స్థానంలో 20 ఆంప్స్ పసుపుది పెడితే ఈసారి ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది. పొగ కనిపిస్తే బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, అందరూ దిగి దూరంగా వెళ్లండి. బానెట్ ఎత్తకండి, గాలి తగిలి మంట లేస్తుంది. రోడ్ల మీద పంట ఆరబోసే రోజుల్లో వాటి మీదుగా నడిపితే గడ్డి కింద సైలెన్సర్‌కు చుట్టుకుని అంటుకుంటుంది. అలా వెళ్లాల్సి వస్తే దాటాక దిగి ఒకసారి వంగి చూడండి.

ప్రశ్న: ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే) కారులో శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే కాగితం మాడిన వాసన వచ్చింది. ఇంజిన్ పోయినట్టేనా?

జవాబు: ఇంజిన్‌కేమీ కాలేదు, అది క్లచ్ ప్లేట్ వాసన. ఏఎంటీలో పెడల్ లేకపోయినా క్లచ్ ఉంటుంది. ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తో ఆపి ఉంటారు. ఈసారి బ్రేక్ మీద ఆపండి, కదిలేటప్పుడు హ్యాండ్ బ్రేక్ సాయం తీసుకోండి. అరగంట ఆగి చల్లబడ్డాక వాసన పోయి, బండి మామూలుగా లాగుతుంటే దిగులు లేదు. ఇంజిన్ మోత పెరిగినా వేగం అందుకోకపోతే ప్లేట్ మార్పించాల్సిందే.