అవి మొర్రి పండ్లే, ఆ గింజలో ఉండేదే సారపప్పు

మే నెలలో ఆదిలాబాద్ వైపు ఉట్నూరు దారిలో ఏవో చిన్న పండ్లు ఆకు దొప్పల్లో పోసి అమ్ముతున్నారు, సెంటీమీటరు పైచిలుకు సైజు, వంకాయ రంగు నలుపు, తియ్యగా కొంచెం పుల్లగా ఉన్నాయి, లోపల పంటికి లొంగని గింజ, పేరేంటి దేనికి వాడతారు అని అడిగారు కదా, ఇవన్నీ కలిపి చూస్తే అవి మొర్రి పండ్లేనండి, డౌట్ అక్కర్లేదు. కొన్ని వైపుల మోరి అంటారు, సార పండ్లు అని కూడా అంటారు. హిందీ వాళ్ళు పండుని చార్ అని, లోపలి పప్పుని చిరోంజీ అని పిలుస్తారు. ఎవరినైనా అడిగేటప్పుడు కన్ఫ్యూజన్ లేకుండా ఉండాలంటే బొటానికల్ పేరు బుకనానియా లాంజాన్ అని చెప్పండి. 1800లో మైసూరు రాజ్యమంతా తిరిగి అక్కడి పంటలు, జనం గురించి రాసిన ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లాండ్ డాక్టర్ ఉన్నాడు, ఆయన పేరు మీదే ఆ మొదటి మాట వచ్చింది. మామిడి, జీడి కుటుంబమే ఇది కూడా.

చాలామందికి తెలియని విషయం ఏంటంటే మీరు తిని ఊసేసిన ఆ గింజలోనే కిరాణా షాపులో చిన్న ప్యాకెట్లలో అంత రేటు పెట్టి అమ్మే సారపప్పు ఉంటుంది. మాది అడవి అంచున ఊరు, ఎండాకాలం సెలవులొస్తే మా అమ్మమ్మ పిల్లలందరికీ మొదటే చెప్పేది, పండు మీ ఇష్టం ఎన్నైనా తినండి గానీ గింజ మాత్రం ఈ గిన్నెలో వెయ్యాలి అని. పండులో గుజ్జు ఉండేది పల్చగానే, అసలు విలువంతా గింజలోనే ఉంది.

ఆ పప్పు తియ్యడం మాత్రం చిన్న పని కాదు. బాగా పండిన వాటిని రాత్రంతా నీళ్ళలో నానేసి పొద్దున్నే గోనెపట్టా మీద పోసి గట్టిగా రుద్దితే తొక్కా గుజ్జూ ఊడిపోతాయి, అప్పుడు కడిగి బాగా ఎండబెట్టి విసుర్రాయిలో వేసి మెల్లగా తిప్పాలి, రాళ్ళ మధ్య సందు ఎక్కువైతే పెంకు పగలదు, తక్కువైతే పప్పు నలిగి పిండి అయిపోతుంది. ఆ తర్వాత చాటలో చెరగడం, పెంకులు ఏరడం, అదింకో పూట పని. బుట్టెడు పండ్లకి చివర్లో వచ్చే పప్పు చూస్తే షాపులో రేటు ఎందుకంతో అర్థమవుతుంది.

వాడకం అంటే పాయసం, హల్వా, బర్ఫీల్లో వేస్తారు, హైదరాబాద్‌లో రంజాన్‌కి చేసే షీర్ ఖుర్మాలో వేస్తారు, దమ్ కా ముర్గ్ అనే కోడి కూర మసాలాలో కూడా నూరి కలుపుతారు, గ్రేవీకి చిక్కదనం, కమ్మదనం రెండూ వస్తాయి. నా లెక్కలో నేతిలో కొంచెం వేయించి పాయసంలో వేస్తే వచ్చే రుచి జీడిపప్పుకి రాదు. పాలతో నూరి మొహానికి రాసుకునే అలవాటు కూడా చాలా ఇళ్ళల్లో ఉంది. పప్పులో సగం దాకా నూనే కాబట్టి బయట పెడితే తొందరగా ముక్కిపోతుంది, గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. జీడిపప్పు, పిస్తా పడనివాళ్ళు మాత్రం జాగ్రత్త, ఇది కూడా ఆ కుటుంబమే. ఆయుర్వేదంలో దీన్ని ప్రియాళ అంటారు, మందుల్లో వాడతారు, కానీ నేను తిండి వరకే చెప్పగలను, జబ్బుకి వాడాలనుకుంటే వైద్యుడిని అడిగి వాడండి.

చెట్టుని గుర్తుపట్టాలంటే బెరడు చూడండి, ముదురు బూడిద రంగులో మొసలి చర్మంలా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంటుంది, ఆకులు దళసరిగా, కొన మొద్దుగా ఉంటాయి. ఆదిలాబాద్, ములుగు, భద్రాచలం, రంపచోడవరం, నల్లమల, ఈ అడవులన్నిట్లో ఉంది, కానీ తగ్గిపోతోంది. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. పప్పుకి రేటు వచ్చాక మనం కొయ్యకపోతే ఇంకొకరు కోసుకుపోతారన్న భయంతో కాయ పచ్చిగా ఉన్నప్పుడే కొమ్మలకి కొమ్మలు నరికి దులుపుతున్నారు, దాంతో లోపల పప్పు నిండదు, కొమ్మ పోయిన చెట్టు తర్వాత సరిగ్గా కాయదు, పండి రాలే గింజ లేక కొత్త మొక్క కూడా రాదు. కోసేవాళ్ళని తప్పు పట్టలేం, ఆ ఎండల్లో ఇప్పపువ్వు, తునికాకు తర్వాత వాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు పడేది దీనివల్లే. 2013-14లో కేంద్రం అటవీ ఉత్పత్తులకి మద్దతు ధర స్కీమ్ పెట్టినప్పుడు మొదటి లిస్టులోనే చిరోంజీ ఉంది, కానీ సంతలో షావుకారు దగ్గరికి వచ్చేసరికి ఆ ధర అందరికీ దొరకట్లేదు. మీరు కొనేటప్పుడు నల్లగా పండినవే అడిగి కొనండి, ఎర్రగా పచ్చిగా ఉన్నవి వద్దని చెప్పండి, బేరం ఆడకండి, పప్పు కావాలంటే వీలైతే గిరిజన సహకార సంస్థ స్టోర్‌లో అడిగి చూడండి.

ఇంటి దగ్గర కాస్త చోటుంటే ఈసారి తిన్న గింజలు పారెయ్యకుండా కడిగి వెంటనే నాటి చూడండి, నిల్వ పెడితే మొలిచే శక్తి పోతుంది. పెంకు బాగా గట్టిది కాబట్టి లోపల పప్పుకి దెబ్బ తగలకుండా సన్నగా పగలగొట్టి పెడితే మొలక తొందరగా వస్తుంది, నీళ్ళు నిలవని చోటు చూసుకోండి, పెరగడం మాత్రం నిదానం.