డ్రింకింగ్ చాక్లెట్ డబ్బానా, కోకో పొడా?

రాయగడ నుంచి అడిగారు కదా, పిల్లలకి ఇంట్లో హాట్ చాక్లెట్ చెయ్యాలంటే డ్రింకింగ్ చాక్లెట్ డబ్బా కొనాలా, కోకో పొడి కొనాలా, పాలలో కలిపితే ఉండలెందుకు కడుతోంది అని. మాది సునాబెడ. డిసెంబరొస్తే సాయంత్రం ఐదింటికే స్వెట్టర్లు బయటికి తీస్తాం. చుట్టుపక్కల కొండల మీద కాఫీ పండుతున్నా మా పిల్లలకి చాక్లెట్టే కావాలి. మూడు చలికాలాలు డబ్బాలు మార్చి మార్చి చూశాక చెబుతున్నాను, చక్కెర లేని కోకో పొడే కొనండి.

కొట్లో డబ్బా వెనక్కి తిప్పండి. దినుసుల్లో ఏది ఎక్కువుంటే దాని పేరే ముందు రాయాలని మన దగ్గర నియమం. డ్రింకింగ్ చాక్లెట్ డబ్బాల్లో చాలావాటికి మొదటి పేరు చక్కెరే. కోకో ధర పెట్టి చక్కెర కొనడమెందుకు? బూస్టు, బోర్న్‌విటా మాల్టు పానీయాలు, వాటి సంగతి వేరు.

కోకో పొడిలోనూ రెండు రకాలు. మామూలుది కాస్త పుల్లగా, లేత గోధుమరంగులో ఉంటుంది. క్షారంతో శుద్ధి చేసింది ముదురు రంగు, పులుపు తక్కువ, పాలలో తేలిగ్గా కలుస్తుంది. దాని మీద అసిడిటీ రెగ్యులేటర్ 501 అనో 500 అనో ఉంటుంది. పాలలోకి నాకదే నచ్చింది.

ఇక ఉండల సంగతి. వేడి పాలలో పొడి గుమ్మరిస్తే పైపొర తడిసి ముద్దవుతుంది, లోపలి పొడికి తడి అందదు. అందుకని రెండు కప్పులకి నాలుగు చెంచాల కోకో, నాలుగు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు పొడిగానే గిన్నెలో కలపండి. చక్కెర పలుకులు కోకోని విడదీస్తాయి. మూడు నాలుగు చెంచాల వేణ్ణీళ్ళు పోసి గోరింటాకు ముద్దలా మెదపండి. సన్నసెగ మీద ఒక నిమిషం తిప్పితే నిగనిగలాడుతుంది. అప్పుడు 400 మిల్లీలీటర్ల పాలు కొంచెం కొంచెంగా పొయ్యండి.

అయినా హోటల్లో తాగినట్టు చిక్కగా లేదంటారా? ఉండదు. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ పేటెంట్ తీసుకున్న ప్రెస్సు పనే కోకో ముద్దలోంచి వెన్న పిండెయ్యడం. ఆ మిగిలిన పిప్పిని దంచితే వచ్చిందే మన పొడి. పోయిన వెన్న తిరిగి రావాలంటే దించాక ఓ 20 గ్రాముల డార్క్ చాక్లెట్ విరిచి వెయ్యండి. కాంపౌండ్ అని రాసిన పలక మాత్రం వద్దు. అందులో కోకో వెన్న బదులు వేరే నూనెలుంటాయి, అంగిట్లో మైనంలా అంటుకుంటుంది.

బెల్లం వెయ్యాలనిపిస్తే దించి, కాస్త చల్లారనిచ్చి వెయ్యండి. నేను మరిగే పాలలో వేసి అర లీటరూ విరగ్గొట్టాను. మా అత్తగారిది సాలూరు. గిన్నెలోకి తొంగిచూసి, "ఇదేటమ్మా, జున్ను గానీ ఒండేవేటి?" అన్నారు.

నురగకి మిషనక్కర్లేదు, మజ్జిగ కవ్వం చాలు. కడిగి ఆరబెట్టింది సుమా, పులుపు తగిలితే మళ్ళీ జున్నే. కోకో పాలలో పూర్తిగా కరగదు, కాసేపుంటే అడుక్కి దిగుతుంది. గ్లాసుతో పాటు చెంచా కూడా ఇవ్వండి. మా ఇద్దరూ ఆ అడుగు మడ్డి కోసమే కొట్టుకుంటారు.