చవకలో బాస్ యుకులేలే: ఏం చూసి కొనాలి, ఎలా వాయించాలి?

ఇంట్లో వాయించుకోడానికి చవకలో బాస్ యుకులేలే (చిన్న గిటారులా ఉండి, కింది స్వరాలు పలికే నాలుగు తీగల వాయిద్యం) కొనొచ్చా, బాస్ గిటారే నయమా అని అడిగారు. కొనొచ్చు. రెండింటి శ్రుతీ ఒకటే: లావు తీగ నుంచి ఈ, ఏ, డీ, జీ (E, A, D, G). ఇక్కడ నేర్చిన వేళ్ల స్థానాలు రేపు బాస్ గిటారు మీదా పనికొస్తాయి. కాకపోతే దాని తీగ మామూలుగా 34 అంగుళాలు, దీనిది 20, 21 అంగుళాలే.

చెక్క గురించి బుర్ర పాడుచేసుకోకండి. ప్లైవుడ్ అయినా ఫరవాలేదు, అసలు శబ్దం పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) నుంచి ఆంప్ (శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) ద్వారా వచ్చేదే. ఆంప్ లేకపోతే గదిలో మీకు వినిపిస్తుంది గానీ పక్కన గిటారు మోగితే మునిగిపోతుంది. అందుకే కొనేముందు ఆంప్‌కి తగిలించి నాలుగు తీగలూ ఒకే బలంతో మీటండి. ఒకటి నీరసంగా పలికితే వద్దనండి. 12వ మెట్టు (ఫ్రెట్) దగ్గర నొక్కినప్పుడు విడి తీగ స్వరమే పై స్థాయిలో రావాలి. చిన్న గిటారు ఆంప్‌లో మాత్రం సౌండ్ పెంచకండి. లావు తీగ పలికే కింది E స్వరం దాదాపు 41 హెర్ట్జ్, స్పీకర్ బర్రుమంటుంది.

చాలావాటికి రబ్బరులాంటి పాలీయూరిథేన్ తీగలుంటాయి. కొత్తలో సాగుతూనే ఉంటాయి, కొన్ని రోజులు పదేపదే శ్రుతి చేయక తప్పదు. సరుకు చెడ్డదని వెనక్కి పంపేయకండి. వేళ్లకు అతుక్కుంటే కాస్త టాల్కం పౌడర్ రాసుకోండి (మా పాప డబ్బా అలాగే ఖాళీ అయింది). వేలి మెత్తటి భాగంతో, మెడ చివర దగ్గర మెల్లగా మీటండి. గట్టిగా లాగితే స్వరం పైకి తేలిపోతుంది. మొదట్లో పాటలో కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మారినప్పుడల్లా దాని మూలస్వరం ఒక్కటే, తాళం తప్పకుండా వాయించండి.