తన అంత్యక్రియల్లో ఏ సంగీతం ఉండాలో కళాకారుడు ముందే చెప్తే అది జరిగి తీరుతుందా?

చెప్పొచ్చు, కానీ జరిగి తీరుతుందన్న గ్యారంటీ లేదు, ఎందుకంటే ఆ రోజు నిర్ణయాలన్నీ ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంటాయి. హైదరాబాద్‌లో మామూలుగా అదే రోజో మర్నాడో శ్మశానానికి తీసుకెళ్లిపోతారు, పిల్లలు అమెరికాలో ఉంటే ఇంకో రోజు ఆగుతారేమో, ఈ హడావిడిలో బస్తీలో అలవాటుగా వచ్చే డప్పులవాళ్లకి ఫోన్ చేసేస్తారు. "విల్లులో రాస్తే చాలు" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు, విల్లు తీసి చదివేది మామూలుగా కర్మకాండ అయ్యాకే కదా, పైగా అది ముఖ్యంగా ఆస్తుల కోసం. అందుకే ఇంట్లోవాళ్లకీ, తోటి వాద్యకారులకీ బతికుండగానే చెప్పి ఉంచాలి.

పోలండ్ స్వరకర్త షోపాన్ సంగతే చూడండి, తన అంత్యక్రియల్లో మోజార్ట్ రాసిన రెక్వియం (చనిపోయినవాళ్ల కోసం చర్చిలో పాడే ప్రార్థన సంగీతం) పాడాలని కోరాడు, 1849 అక్టోబర్ 17న పారిస్‌లో పోయాడు, అంత్యక్రియలు 30న జరిగాయి. అందులో ఆడవాళ్లు పాడాల్సిన భాగాలున్నాయి, అంత్యక్రియలు జరిగిన మడ్లెన్ చర్చిలోనేమో అప్పట్లో ఆడవాళ్లు పాడకూడదు, చివరికి వాళ్లు నల్ల తెర వెనక నిలబడి పాడటానికి చర్చివాళ్లు ఒప్పుకున్నారు. అంత పట్టుదలగా నెరవేర్చినవాళ్లు ఉండబట్టే అయింది! ఆ రోజు ఆయన సొంత ఫ్యూనరల్ మార్చ్ (శవయాత్ర సంగీతం) కూడా వాయించారు, దాన్ని తన చావు కోసమే రాసుకున్నాడనుకుంటారు గానీ అది అప్పటికి కనీసం పదేళ్ల పాత రచన.